వడ్రంగిపిట్ట లాలిపాట

అడవి పేరెందుకు గానీ, అక్కడొక వడ్రంగిపిట్ట తన పిల్లల కోసం లాలిపాట కట్టింది. పొద్దువాలగానే తొర్ర ముందు వాలి పాడింది.

“పట్టపగలు పోయె బిడ్డా! కటిక చీకటి పడ్డది బిడ్డా! గట్టిగ పట్టుకు పడుకో బిడ్డా!”

అప్పుడే రెక్కలొచ్చిన పిల్లలు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాయి. పడుకోమంటే లేస్తారేమిటని దానికి ఒకటే వింత.

పక్క కొమ్మ మీది గూట్లోంచి పికిలిపిట్ట నవ్వింది. “మాట పడుకోమంటోంది వదినా, మోత లేవమంటోంది. ఇదిగో విను. వెన్నెల వానలో మెల్లమెల్లన, అల్లనల్లన...”

పాట సగంలోనే రెండిళ్ల పిల్లలూ నిద్రపోయాయి. వడ్రంగిపిట్టకు కూడా కళ్లు మూతలు పడ్డాయి.

అంతలో పాము చెట్టెక్కుతూ పికిలిపిట్ట కంటబడింది. పాపం, దానికున్నది ఆ ఒక్క తీయని గొంతే. “లేవండి నాన్నలూ, లేవండి, పాము వస్తోంది, లేవండి” అంది. పిల్లలు హాయిగా ఇంకాస్త ముడుచుకున్నాయి.

‘పాము’ అన్న మాట చెవిన పడి కళ్లు తెరిచిన వడ్రంగిపిట్టకు చటుక్కున ఏదో తట్టింది. ముక్కుతో చెట్టును దడదడ బాదుతూ తన లాలే అందుకుంది. “గట్టిగ పట్టుకు పడుకో బిడ్డా!”

పిల్లలన్నీ ఒక్క ఉదుటున ఎగిరి చిటారు కొమ్మకు చేరాయి. పాముకు ఖాళీ గూళ్లే దక్కాయి.

పికిలిపిట్ట దగ్గరకొచ్చింది.

“ఆ లాలి నాకూ నేర్పు వదినా.”