గువ్వ కట్టిన పొట్లాలు

తుమ్మచెట్టు మీద ఆడగువ్వ గుడ్లు పొదుగుతోంది. మగగువ్వ రోజూ జొన్నగింజలను ఆకుల్లో చుట్టి, పూటకో పొట్లం తెచ్చిపెట్టేది.

"నీకెంత సుఖమో చూడు. ఎగరక్కర్లేదు, ఏరుకోనక్కర్లేదు. మితంగా తింటావు కనుక ఒళ్లు కూడా పెరగదు," అనేది.

ఇంత శ్రద్ధ గల మొగుడు ఏ గూటిలోనూ లేడని చుట్టుపక్కల పక్షులన్నీ మెచ్చుకున్నాయి. ఆడగువ్వకు మాత్రం పొట్లం తిన్నా ఆకలి తీరేది కాదు. నీరసంతో రెక్కలు వాలిపోయి, గుడ్లను సరిగా కప్పలేకపోతోంది.

"ఇంకాస్త పెద్ద పొట్లం కట్టవయ్యా," అంది ఒకరోజు.

"ఆడదానికి ఇది చాలు. కొలిచే కట్టాను."

"ఎవరి కడుపుతో కొలిచావు?"

"నీ ఆకలి నాకు తెలియదుటే?" అని నవ్వింది మగగువ్వ.

"మరి నీ పొట్లమేది?"

"నాకెందుకు? చేలోనే కడుపు నిండా తినేసి వస్తానుగా."

ఆడగువ్వ లేచి గూటి అంచు మీదికి వచ్చింది.

"అయితే ఇవాళ నువ్వు కూర్చో. ఈ పొట్లం నువ్వే తిను," అని చేనుకేసి ఎగిరిపోయింది.

గుడ్లు చల్లబడతాయని మగగువ్వ గబగబా వాటి మీద కూర్చుంది. పొద్దు వాలేసరికి ఆకలేసి పొట్లం విప్పి తిన్నది. తిన్నాక, ఇంకో గింజేమైనా అంటుకుని ఉందేమోనని ఆకును తిరగేసి చూసింది.