ఉస్తాద్ గారి వినయం

“అయ్యో, నేను మాస్టార్ని కాదండీ,” అన్నాడు యదొల్లా గుమ్మంలోనే ఆగిపోయి.

“చూశారా!” అని తూబా ఖానుం కమిటీ వాళ్ళ వైపు తిరిగింది. “ఇంకా కోటైనా విప్పలేదు, అప్పుడే ఎంత అణకువో!”

టొరంటోలో ఓ అద్దె హాలు నేలమాళిగలో నడిచే శనివారం ఫార్సీ బడి అది. తూబా ఖానుం, అంటే తూబా అమ్మగారు, దానికి కార్యదర్శి. ఇరవైమంది పిల్లలు కాస్తా ఆరుగురయ్యారు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి ఎవరో ఉస్తాద్, పెద్ద పండితుడు, వస్తానన్నారు; ఆ శనివారానికి రాకపోతే బడి మూసేద్దామని కమిటీ తీర్మానించుకుంది. సరిగ్గా పదింటికి బరువైన సంచీతో దిగాడు యదొల్లా.

“ఒట్టు, ఖానుం. నేను హీటరు బాగుచేసేవాణ్ణి.”

కమిటీ అధ్యక్షుడు డాక్టర్ దబీరీ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. నలభయ్యేళ్ళు పళ్ళు పీకి రిటైరైన మనిషి. ఆయనకి అనుమానం ఎక్కువ. “హీటరా?”

“తెలియలేదా డాక్టరుగారూ? చల్లబడ్డ పసిగుండెల్ని వెచ్చబెట్టడానికి వచ్చానంటున్నారు.”

“కానీ మన హీటరు నిజంగానే పాడైందిగా?”

“అదే మరి ఉపమానమంటే! కళ్ళెదుట ఉన్నదాన్నే వాడుకున్నారు.”

“ఆహా!” అంది కమిటీ ముక్తకంఠంతో.

మా ఇరానీలతో ఇదే చిక్కు. టీ ఇస్తే మూడుసార్లు వద్దనాలి, నాలుగోసారి తాగాలి. ఎంత గట్టిగా కాదంటే అంత గొప్పవాడని లెక్క. యదొల్లా ఏడుసార్లు కాదన్నాడు. ఏడోసారికి డాక్టర్ దబీరీ లేచి తన కుర్చీ ఇచ్చేశాడు.

తరగతి గదిలో ఆరుగురు పిల్లలు కోట్లతో, టోపీలతో ముడుచుకు కూర్చున్నారు. యదొల్లాకి ఏం చెయ్యాలో తోచలేదు. తెలిసిన పని ఒక్కటే. హీటరు మూత విప్పాడు.

“ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వమ్మా,” అన్నాడు ఫార్సీలో.

రోజిన్ అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఆ ఫార్సీ మాట తెలియక పట్టకారు ఇచ్చింది. ఆయన దాంతోనే మర తిప్పబోయాడు. తిరగలేదు. సుత్తి ఇచ్చారు. దాంతోనూ తిప్పబోయాడు. పిల్లలు పొట్టలు పట్టుకు నవ్వారు. పన్నెండు గంటలయ్యేసరికి సంచీలో ఉన్న ప్రతి వస్తువు పేరూ వాళ్ళకి వచ్చేసింది. హీటరుకి మాత్రం ఇంకో ముక్క కావాల్సి వచ్చింది.

“వచ్చే శనివారం తెస్తాను,” అన్నాడు యదొల్లా.

“పాఠం మధ్యలో ఆపి ఊరించడం కూడా తెలుసు!” అంది తూబా ఖానుం.

రెండో శనివారం హీటరు పనిచేసింది. మూడోవారం కుళాయి. నాలుగోవారం కుర్చీలు. హాల్లో బాగుచేయడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి పిల్లలు ఇళ్ళనుంచి తేవడం మొదలుపెట్టారు. నడవని గడియారం, కాలు విరిగిన బొమ్మ, ఓ అమ్మమ్మగారి చెవిమిషను. యదొల్లా ఒకటే షరతు పెట్టాడు. “ఇది ఎవరిది, ఎలా పాడైంది, ఫార్సీలో చెబితేనే ముట్టుకుంటాను.”

రోజిన్ బొమ్మ కాలు విరిచింది వాళ్ళ తమ్ముడు. వాణ్ణి నోరారా తిట్టుకోవాలని పట్టుబట్టి వారంలో నలభై మాటలు నేర్చింది. గడియారం కథ కోసం బర్దియా అనే పిల్లాడు షీరాజ్‌లో ఉన్న నాన్నమ్మతో పుట్టి బుద్ధెరిగి మొదటిసారి గంటసేపు మాట్లాడాడు. ఆవిడ మూడురోజులు ఏడుస్తూనే ఉందట, సంతోషంతో.

ముద్దుమాటల పాఠం మాత్రం కాస్త బెడిసికొట్టింది. రోజిన్ తన ఇంగ్లీషు బళ్ళో టీచరమ్మతో ప్రేమగా, “మీ కాలేయం తినేస్తాను,” అంది. ఫార్సీలో అది మురిపెం; అన్నది ఇంగ్లీషులో. ప్రిన్సిపాలు తల్లిదండ్రుల్ని పిలిపించాడు. ఆ కబురు పాకి, మరుసటి వారం పదకొండుమంది కొత్తపిల్లలు చేరారు.

డాక్టర్ దబీరీకి అనుమానం మాత్రం చావలేదు. “ఉస్తాద్ ఏనాడూ ఒక్క పద్యమైనా చదవరేం?”

“ఏనుగు తన బరువు తాను చెప్పుకుంటుందా?” అంది తూబా ఖానుం.

“ఏ విశ్వవిద్యాలయమో అడిగితే...”

“సిగ్గులేదూ డాక్టరుగారూ? ఇంటికొచ్చిన అతిథి చెప్పులు తూకం వేస్తామా?”

యదొల్లాకి నిద్ర కరువైంది. తను పొట్టకూటికి గొట్టాలు బిగించేవాడు. ఐదో తరగతితో చదువాపేసినవాడు. పిల్లలు “ఉస్తాద్! ఉస్తాద్!” అని మెడకి వేలాడుతుంటే గుండెలో ముల్లు గుచ్చుకునేది. ఇరానీల కొత్త ఏడాది నౌరోజ్ పండుగ సభలో అంతా చెప్పేసి, క్షమాపణ అడిగి వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నాడు.

సభ రోజు ముప్పైనలుగురు పిల్లలు, వాళ్ళ ఇంటిల్లిపాదీ. రోజిన్ మైకు ముందు పది నిమిషాలు ఫార్సీలో గలగలా మాట్లాడింది. తర్వాత యదొల్లా లేచాడు.

“నేను మిమ్మల్ని మోసం చేశాను. నేను ఉస్తాద్‌ని కాదు. నాకు చదువు లేదు. నేను హీటర్లు, పైపులు బాగుచేసేవాణ్ణి.”

డాక్టర్ దబీరీ మెల్లగా లేచాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

“నా జన్మలో ఇంత వినయం చూడలేదు,” అన్నాడు.

చప్పట్లతో కప్పు ఎగిరిపోయింది. ‘మహా ఉస్తాద్’ అని చెక్కిన ఫలకం ఆయన చేతిలో పెట్టారు.

జనం వెళ్ళాక యదొల్లా వంటగదిలోకి వెళ్ళాడు. తూబా ఖానుం టీ గ్లాసులు కడుగుతోంది.

“ఖానుం, మీరైనా నమ్మండి. ఆ ఇస్ఫహాన్ ఉస్తాద్ వచ్చి నన్ను నిలదీస్తే ఏం చెప్పను?”

“ఆయన రారు. రానని మీరొచ్చిన రోజు పొద్దున్నే నాకు చెప్పేశారు.”

“మరి నేనెవర్ననుకున్నారు?”

తూబా ఖానుం చేతులు తుడుచుకుంది.

“హీటరు పాడైందని మీకు ఫోన్ చేసింది నేనేగా.”