భాష రాని పేషెంటు

"ఫోటోలో ఉన్నది ఈమె కాదు" అన్నాడు చెక్‌పోస్టు దగ్గర ఇరాకీ సిపాయి.

గుర్తింపు కార్డు మీద పేరు కళావతి. ఫోటోలో మొహం నున్నగా ఉంది. ఎదురుగా ఉన్న మొహం మాత్రం వాచి, పొక్కులు లేచి, కళ్లెక్కడున్నాయో వెతుక్కోవాల్సినట్టుంది.

చెల్లెలు, జబ్బు అంటూ తనకొచ్చిన నాలుగు అరబీ ముక్కల్లో మొత్తుకుంది సంజీవమ్మ.

"అయితే చర్మం డాక్టరు దగ్గర రాయించుకురా. లేకపోతే బస్సెక్కనివ్వం."

బస్సు రేపు పొద్దున. బాగ్దాదు మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్, అక్కణ్నుంచి విమానంలో బొంబాయి. కువైట్‌ను ఇరాక్ మింగేసి నెల దాటింది. ఈ బస్సు తప్పితే ఇంకోటి ఎప్పుడో దేవుడికే తెలియాలి.

ఆస్పత్రిలో మందుల్లేవు, నర్సులు సగం మంది లేరు. క్యూ మాత్రం ఉంది. నిలబడ్డారు.

సంజీవమ్మది కడప. ఎనిమిదేళ్లుగా సాల్మియా పేటలో ఒక కువైటీ ఆఫీసరుగారింట్లో పని. ఆ ఇంటావిడను మామా అని పిలవాలి. మామా కేకలేసి నేర్పిందే ఆమెకొచ్చిన అరబీ. ఉప్పు, గిన్నె, కడుగు, తుడువు, యల్లా అంటే పద, ఖలాస్ అంటే అయిపోయింది. మిలిటరీ ఆఫీసరు కుటుంబమని సిపాయిలు ఇప్పటికే రెండుసార్లు వాళ్లను వెతుక్కుంటూ ఆ ఇంటికొచ్చి పోయారు. ఇప్పుడీ గిన్నెల భాషతోనే డాక్టరును ఒప్పించాలి.

డాక్టరు బాగ్దాదు నుంచి కొత్తగా వచ్చినాయన. "ఏమైంది?" అని నేరుగా కళావతినే అడిగాడు. కళావతి సంజీవమ్మ వైపు చూసింది.

"దీనికి అరబీ లేదు. కొత్త. లాండ్రీ పని. బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి. రసం మొహం మీద. మొహం ఖలాస్!"

డాక్టరు కళావతి చేతులు తిప్పి చూశాడు. "లాండ్రీ చేతులు ఇంత మెత్తగా ఉన్నాయేం?"

సంజీవమ్మ నోటికొచ్చింది అనేసింది.

"సోమరిది! కూర్చుంటుంది, తింటుంది, అరుస్తుంది. పని మాత్రం చెయ్యదు!"

ఆ ముక్కలు మాత్రం ఎందుకో తడుముకోకుండా వచ్చాయి. డాక్టరు నవ్వేశాడు. కళావతి చేతులు వెనక్కి లాక్కుంది.

కాగితం రాస్తూ ఆయన నర్సుతో అరబీలో మెల్లగా అన్నాడు. "ఈ మచ్చలు జన్మలో పోవు. భాష రాకపోవడమే నయం, పాపం."

సంజీవమ్మకు ఆ మాట అర్థమైంది. మచ్చ, పోదు, రెండూ వంటింటి మాటలే. లాండ్రీ నుంచి నల్లజీడి గింజలు తెచ్చింది తానే. రసం పూసిందీ తన చేతులే. కాస్త వాస్తే చాలనుకుంది, ఇంత అవుతుందనుకోలేదు.

ఓరగా చూసింది. కళావతి రెప్ప వాల్చకుండా గోడ మీది క్యాలెండరు చూస్తోంది.

కాగితం మీద ముద్ర పడింది. చెక్‌పోస్టు సిపాయి అది చదివి, అంటుకుంటుందేమోనని కార్డును రెండు వేళ్లతో తిరిగిచ్చాడు. రేపు రమ్మన్నాడు.

రెండు సందులు దాటాక సంజీవమ్మ గోడవారన కూలబడింది. ఇక అరబీ ఎక్కడిది, తెలుగులోనే ఏడ్చింది.

"నా చేతులు పడిపోనూ! పరాయిదాని కార్డు కోసం బంగారట్లా మొగం నేనే పాడు చేస్తి గదా! యాడికి పోయి ఏం చెప్పుకునేది?"

కళావతి అటూ ఇటూ చూసింది. సందులో ఎవరూ లేరు. పొద్దుటి నుంచి విప్పని పెదాలు మెల్లగా విప్పింది.

"ఎనిమిదేళ్లు నా వంటింట్లో ఉన్నావు, నీకింకా అరబీ మాట్లాడ్డం రాలేదు!" అని అచ్చమైన కువైటీ అరబీలో కసిరింది మామా.