పొదిగే పెట్ట

“ఆ పొదిగే పెట్టను గూడ తియ్,” అన్నాడు కృష్ణారావు.

తారాబాయి గంపకు అడ్డంగా నిలబడింది. “గుడ్లల్ల పిల్లలు కదుల్తున్నయి సారూ. రెండ్రోజులల్ల బయటికొస్తయి.”

అలియాబాద్‌లో కృష్ణారావు కోళ్లషెడ్లలో గుడ్లు ఏరే పని ఆమెది. నెలరోజులుగా అక్కడి కోళ్లు ఊపిరాడక మెడలు సాచి, నెత్తురు కక్కి చస్తున్నాయి. రోగం చుట్టుపక్కల షెడ్లకూ పాకింది. ఆ రైతులంతా ఇప్పుడు ఆమె కోళ్లను చంపించడానికి వాకిట్లో ఉన్నారు.

“నీ నాటుకోళ్ల రోగమే నీ చీరెకంటుకొని మా షెడ్లకొచ్చింది,” అన్నాడు కృష్ణారావు, అందరికీ వినబడేలా.

“నా కోళ్లు మంచిగనే ఉన్నయి గద. డాక్టరమ్మ వాటి నెత్తురు తీస్కపోయింది. రిపోర్టు వచ్చేదాంక ఆగుండ్రి.”

“అదొచ్చేసరికి ఊర్ల ఒక్క కోడి మిగలది,” అన్నాడు సిద్దిరాములు. అతని షెడ్డు అప్పటికే ఖాళీ.

తారాబాయికి అనుమానం పట్టుకుంది. రోగాన్ని తానే మోసుకెళ్లిందేమో. పరాయి చేతులు పడకూడదని నాలుగు కోళ్ల మెడలూ తానే విరిచింది. పొదిగే పెట్ట ఆఖరిదాకా గుడ్ల వైపే చూసింది. ఆ గుడ్లను కృష్ణారావు చెప్పుకాలితో నలిపాడు. లోపల ఒకటి కీచుమంది. దాన్ని మళ్లీ తొక్కాడు.

“తప్పయింది బిడ్డా, మాఫ్ చెయ్యుండ్రి,” అంటూ ఆమె ఒక్కొక్కరికీ దండం పెట్టింది. మర్నాటి నుంచి ఏ షెడ్డులోనూ ఆమెకు పని లేదు.

మూడోనాడు పశువుల డాక్టర్ నయన వచ్చింది.

“కోళ్లేవమ్మా?”

“సంపేసిన డాక్టరమ్మా. గంతమంది కోళ్లు నా పెట్టలవల్లనే సచ్చినయట.”

“ఎవరన్నరు? మీ కోళ్లల్ల ఏ రోగం లేదు. కృష్ణారావుగారు ఒక కంపెనీ టీకా వేసి, వారం తిరగకముందే ఇంకో కంపెనీది వేసిండ్రు. రెండిట్ల ఉండేది బలం తీసిన వైరసే, కానీ బతికే ఉంటది. రెండూ ఒకే కోడి గొంతుల కలిసి కొత్తది పుట్టింది. చంపింది అది.”

తారాబాయి ఖాళీ గంప వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“సారును ఏమనకుండ్రి డాక్టరమ్మా. పాపం, తెల్వక చేసిండు.”

“తెల్వకనా?” అంది నయన. “ఇదంతా రాసిన రిపోర్టు ఆయన చేతిల పెట్టి వారమైంది.”