జాడ దొరికింది

ఇంక మా ఆయన్ని వెతకొద్దని చెప్పడానికే భరణం కేసులు చూసే ఆఫీసుకెళ్లాం, నేనూ మా అత్తయ్యా. నా కూతురు, నా బంగారుతల్లి, జబ్బుతో పోయి అప్పటికి మూడు వారాలు.

ఆయన మమ్మల్నొదిలేసి పరాయి దేశం పోయి నాలుగేళ్లు. పాప మందులకైనా భరణం ఇప్పించమని ఇక్కణ్ణించి ఎన్ని కాగితాలు పంపినా, అక్కడి ఆఫీసు నుంచి ఒకటే జవాబు: మనిషి జాడ లేదు. "కన్నతల్లిని, నాకే తెలీదే అమ్మా," అని అత్తయ్య నాతో సమానంగా ఏడ్చేది.

నన్ను చూడగానే గుమాస్తా ఫైలు తీశాడు.

"మీకే కబురు పెడదామనుకుంటున్నానమ్మా. మీ ఆయన దొరికాడు."

"ఎవరు పట్టుకున్నారు బాబూ?" అన్నాను.

"ఎవరూ కాదు, తనే రాశాడు. పాప లేదు కాబట్టి కేసు మూసేయమన్నాడు. మరణ పత్రం కూడా జత చేశాడు."

ఆ పత్రం నేనింకా కళ్లతో చూడలేదు. నేను లేవలేక పడుంటే, ఆసుపత్రికెళ్లి తెచ్చి బీరువాలో దాచింది అత్తయ్యే.

పక్కకి తిరిగి చూశాను. ఆవిడ తలెత్తలేదు.

"అడ్రసు కూడా వచ్చింది. రాసివ్వమంటారా?" అన్నాడు గుమాస్తా.

"వద్దు బాబూ," అన్నాను. "మా అత్తయ్యకి తెలుసు."