గడ్డి బండికి తలో చెయ్యి

లోహిత్ తాళం తిప్పాడు. బండి ఉలకలేదు.

మళ్లీ తిప్పాడు. పలకలేదు.

కోకాపేటలో విల్లాల కాలనీ అది. మధ్యలో పెద్ద పచ్చిక. ఆ పచ్చిక నడుమ, సీటూ స్టీరింగూ ఉన్న ఎర్రటి గడ్డి కోసే బండి మీద, మెడలో ట్యాగుతో మిట్టమధ్యాహ్నపు ఎండలో కూర్చున్నాడు లోహిత్. అతనికి కావలసిందల్లా ఒక్కటే. చుట్టూ జనం చేరకముందే బండి స్టార్ట్ కావాలి.

జనం చేరారు.

మొదట వచ్చినాయన సీతారామయ్య. కాలనీ సంఘానికి అధ్యక్షుడు. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. సాయంత్రం పచ్చికల పోటీకి జడ్జీలు వస్తున్నారు. నిరుడు పక్క కాలనీవాళ్లు కప్పు ఎత్తుకుపోయిన బాధ ఆయన్ని ఇంకా వదల్లేదు. పైగా వానలకు గడ్డి అడ్డదిడ్డంగా పెరిగింది.

"ఏమయ్యా, ఇవాళేనా రావడం?"

"ఇవాళేనండి."

"మొదటిరోజే ఇలాగైతే ఎలా? సాయంత్రం జడ్జీలొస్తుంటే తాళంతో ఆడుకుంటున్నావా?"

"స్టార్ట్ అవట్లేదండి." లోహిత్ సీటు మీంచి దిగబోయాడు. "వదిలేసి వెళ్లిపోతానండి."

"వెళ్లిపోతావా! దిగావంటే ఊరుకోను. కూర్చో!"

లోహిత్ కూర్చున్నాడు.

ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటున్న ఉదయ్ భాస్కర్, చేతిలో లాప్‌టాప్‌తో, చెవిలో మీటింగుతో బయటికొచ్చాడు.

"ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యి."

"అసలు ఆన్ అవట్లేదండి."

"అందుకే, ముందు ఆఫ్ చెయ్యి." అంతలోనే ఆయన మొహం పాలిపోయింది. "నో, నో! మీకు కాదు! సర్వర్ ఆపకండి!"

అవతల ఎవరో నిజంగానే ఆపేసినట్టున్నారు. లాప్‌టాప్‌ని గుండెకు హత్తుకుని ఇంట్లోకి పరుగెత్తాడు.

ఎదురింటి రసజ్ఞ ఫోన్లో వీడియో చూస్తూ వచ్చింది. "అంకుల్, సీటు మీద మనిషి ఉండాలట. బ్రేకు తొక్కి ఉంచాలట. బ్లేడు తిప్పే మీట కిందికి ఉండాలట. ఏ ఒక్కటి లేకపోయినా బండి మాట వినదట."

అందరూ వంగి చూశారు. మనిషి ఉన్నాడు. బ్రేకు మీద కాలుంది. మీట పైకి ఉంది. సీతారామయ్య దాన్ని తనే కిందికి నొక్కాడు.

లోహిత్ తాళం తిప్పాడు. ఈసారి 'టిక్' అంది.

అందరూ చప్పట్లు కొట్టారు.

'టిక్' అని ఊరుకుందంటే బ్యాటరీ నీరసపడినట్టేనని రసజ్ఞ చూస్తున్న వీడియోలో చెప్పారు. సీతారామయ్య క్షణం ఆలస్యం చేయలేదు. తన కారును పచ్చిక మీదకే ఎక్కించాడు. జడ్జీలు చూడబోయే గడ్డి మీద రెండు చక్రాల చాళ్లు పడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు. కారు బ్యాటరీకీ బండి బ్యాటరీకీ వైర్లు కలిపారు. ఇంజిను గరగరా తిరిగింది, దగ్గింది, ఆగిపోయింది.

"పెట్రోలు లేదండి," అన్నాడు లోహిత్. "ఇంక నావల్ల కాదండి. వెళ్తానండి."

"మళ్లీ అదే మాట!" అన్నాడు సీతారామయ్య.

రసజ్ఞ స్కూటర్లోంచి పెట్రోలు తీశారు. సీతారామయ్య భార్య కనకలక్ష్మి వంటింట్లోంచి నూనె గరాటు తెచ్చింది. వస్తూ వస్తూ గ్లాసుడు మజ్జిగ కూడా తెచ్చింది.

"తాగు నాయనా. పొద్దుట్నుంచీ ఏం తిన్నావో ఏమో. ఆయన అరుపులకి భయపడకు, మనసు మంచిదే."

లోహిత్ మజ్జిగ తాగాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ తాళం తిప్పాడు.

బండి గర్జించింది.

కాలనీ కేకలు వేసింది. సర్వర్ సంగతి ఏమైందో గానీ, ఉదయ్ భాస్కర్ కూడా వచ్చి ఈల వేశాడు. రసజ్ఞ అందరితో సెల్ఫీ తీసింది. లోహిత్ మాత్రం తల దించుకున్నాడు.

"సిగ్గరి పిల్లాడు," అంది కనకలక్ష్మి మురిసిపోతూ.

సీతారామయ్య చెయ్యెత్తాడు. "ఇదిగో అబ్బాయ్, ముందు గేటు బయట రోడ్డు పక్కన కోసెయ్. జడ్జీల కంట్లో మొదట పడేది అదే."

"బయటికా అండి?" లోహిత్ నమ్మలేనట్టు చూశాడు.

"వినపడలేదా? పద!"

బండి ముందు సీతారామయ్య, వెనక మిగతావాళ్లు. గేటు దాకా ఊరేగింపులా వెళ్లారు. గేటు దగ్గర గార్డు సాయిలు అడ్డం నిలబడ్డాడు. ఖాజాగూడ మనిషి. బిర్యానీ తెచ్చినవాణ్ని సైతం ఇంటికి ఫోన్ చేసి అడగనిదే వదలడు.

"సార్, గేట్ పాస్ లేకుంట సామాన్ బయటికి ఇడ్వద్దని మీరే అన్నరు గద."

"తనంతట తాను నడిచేదాన్ని సామాను అంటారటయ్యా? అడ్డు తీయ్!"

"మల్ల నన్ను అనొద్దు సార్."

సాయిలు అడ్డుకర్ర ఎత్తాడు. రోడ్డు మీద వచ్చే కార్లని కూడా చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. బండి నింపాదిగా, నడిచే మనిషి వేగంతో గేటు దాటింది. కనకలక్ష్మి చెయ్యి ఊపింది.

గోడ వెంబడి పోయి, మలుపు తిరిగి, లోహిత్ బండి ఆపాడు. అక్కడ ట్రాలీ ఆటోకి చెక్క ఆనించి, దినేశ్ గోళ్లు కొరుక్కుంటూ నిలబడి ఉన్నాడు.

"గింతసేపు ఏం జేసినవ్‌రా? నాకు పరేషాన్ అయితుంది!"

లోహిత్ మెడలోంచి ట్యాగు తీసి జేబులో పెట్టుకుని, మూతికంటిన మజ్జిగ తుడుచుకుంటూ అన్నాడు. "దొంగతనానికెళ్తే జనం తరుముతారనుకున్నాను గానీ, పెట్రోలు పోసి మరీ సాగనంపుతారని అనుకోలేదురా!"