తంబాకు చాట

షాజియా ఛాతీ ఎక్స్‌రేను లైటు డబ్బా మీద పెట్టి చూస్తూ, "ఇంట్ల ఎవరన్న బీడీ తాగుతరా?" అని అడిగాడు బోధన్ ఆస్పత్రి డాక్టరు.

"లేదు సార్. అమ్మీ బీడీలు చేస్తది గని తాగదు. నేను ఎమ్మెస్సీ చదువుతున్న. చాయ్ గూడ ముట్ట. రోజు పొద్దుగాల వాకింగ్ పోత."

తల్లి సకీనా పక్కనే నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతున్నా ఆమె ఏనాడూ తన కోసం ఆస్పత్రి మెట్లెక్కలేదు.

"చిన్నప్పుడు పాపను ఎక్కడ పండబెట్టేవాళ్లు అమ్మా?"

సకీనా ముఖం వెలిగింది. "నా పక్కకే సార్. పిల్ల తలాపుకు తంబాకు చాట పెట్టుకొని చుడుతుంటి. చాట జరిపితే లేసి ఏడుస్తుండె. గా వాసనకే మంచిగ నిద్రవోయేది."

డాక్టరు లైటు ఆర్పేశాడు.

షాజియా దగ్గింది. అలవాటుగా కూతురి వీపు నిమరబోయిన సకీనా, తన వేళ్లకంటిన తంబాకు పొడి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.